‘తగినంత’ తెలియని యంత్రం

పప్పు వండటం నేర్పేటప్పుడు మీ అమ్మగారు, “ఉడికిన తరువాత తగినంత ఉప్పు వెయ్యి,” అంటారు. తగినంత అంటే ఎంత? కొన్నాళ్ళు వండితే అది మన చేతికే తెలిసిపోతుంది. అనుమానం వస్తే కాస్త రుచి చూస్తాం. కాని కంప్యూటరుతో ఈ మాట అని ఊరుకుంటే పని జరగదు. నీళ్ళెన్ని, ఉప్పెన్ని గ్రాములు, పప్పు ఉడికినదీ లేనిదీ ఎట్లా కనుక్కోవాలి—ఇవన్నీ విడమరిచి చెప్పాలి.

కోట్లకొద్దీ లెక్కలను క్షణంలో చేసే యంత్రానికి ఇంత చిన్న మాట తెలియకపోవటం వింతగా లేదూ? అయినా అది నిజం. కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అందుచేత, ఒక పనిని అంచెలంచెలుగా ఎట్లా విడదీయాలి, ఏ దారిన పోతే అది త్వరగా అవుతుంది అని ఆలోచించేటందుకు ఒక శాస్త్రం ఏర్పడింది. అదే కంప్యూటరు శాస్త్రం. మీటలు నొక్కటం వచ్చినంతమాత్రాన ఈ శాస్త్రం వచ్చినట్టు కాదు.

అంచెలంచెలుగా పనిచేసే పద్ధతిని ‘ఆల్గారిథం’ అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త ఉండేవాడు. మన దేశపు అంకెలతో లెక్కలు చేసే విధానాన్ని గురించి ఆయన ఒక గ్రంథం రాశాడు. అది లాటిన్ భాషలోకి వెళ్ళిన తరువాత, ఆయన పేరే మారి మారి ఈ మాట అయింది. మీరు కూడికలు చేసేటప్పుడు ఒకట్ల స్థానంలో మొదలుపెట్టి, పది కాగానే ఒకటి పక్కకు తీసుకుపోతారు గదా? అది కూడా ఆల్గారిథమే!

మంచి పద్ధతికీ, మామూలు పద్ధతికీ ఎంత తేడా ఉన్నదో ఒక ఆట ఆడి చూడండి. 1 నుంచి 1000 లోపల ఒక సంఖ్య తలచుకోమని మీ నాన్నగారితో చెప్పండి. మీ ప్రశ్నలకు ఆయన “అవును”, “కాదు” అని మాత్రమే జవాబు చెప్పాలి. “ఒకటా? రెండా? మూడా?” అని అడుగుతూ పోతే 999 ప్రశ్నలు కావలసిరావచ్చు. అట్లా కాక, “500 కన్న పెద్దదా?” అని అడగండి. జవాబు ఏదయినా సగం సంఖ్యలు తొలగిపోతవి. మిగిలిన వాటిని మళ్ళీ సగం చేయండి. ఇట్లా చేస్తే 10 ప్రశ్నలకు మించి అవసరం ఉండదు. పది లక్షల సంఖ్యలున్నా 20 ప్రశ్నలు చాలు!

ఈ “అవును”, “కాదు” అనేవే కంప్యూటరు భాషకు కూడా మూలం. దానిలో కంటికి కనిపించనంత చిన్న విద్యుత్ మీటలు కోట్లకొద్దీ ఉంటవి. మీట వేసి ఉంటే 1, తీసి ఉంటే 0. పది మీటలను 1024 రకాలుగా అమర్చవచ్చు. అంకెలూ, అక్షరాలూ, బొమ్మలూ, పాటలూ అన్నీ కంప్యూటరులో ఈ 1, 0 ల వరసలుగానే ఉంటవి.

చెప్పటంలో పొరపాటు జరిగితే ఏమవుతుంది? 1998 డిసెంబరులో అమెరికావారి నాసా సంస్థ కుజగ్రహానికి ఒక నౌకను పంపింది. దాన్ని నడిపేందుకు భూమి మీద చేసిన లెక్కలలో కొన్ని బలాలు పౌనులలో వచ్చినవి. వాటిని అందుకున్నవారు మెట్రిక్ కొలతలనుకున్నారు. కంప్యూటర్లకు అనుమానం రాలేదు. ఇచ్చిన అంకెలతో లెక్క కట్టినవి. 1999 సెప్టెంబరులో ఆ నౌక అనుకున్నదానికన్న కుజుడికి చాలా దగ్గరగా పోయి నాశనమయింది.

ఈనాడు కొన్ని కంప్యూటర్లు లక్షలాది ఉదాహరణలు చూసి, “తగినంత” అంటే ఎంతో కొంతవరకు ఊహించగలుగుతున్నవి. మనిషి మాటను కూడా గుర్తుపడుతున్నవి. అయితే, అట్లా నేర్చుకునే పద్ధతిని వాటికి ఏర్పరచినవారు మనుషులే. యంత్రాలకు మాట గ్రహించటం నేర్పటానికి తొలి రోజుల్లో కృషి చేసినవారిలో ఒకరు మన తెలుగువారు. 1937లో, అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు మొదట చదివింది కట్టడాల ఇంజనీరింగు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానం 1994లో ఆయనకూ, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కూ కలిపి లభించింది.

ఈ శాస్త్రం మొదలుపెట్టటానికి కంప్యూటరే ఉండనక్కరలేదు. కాగితం, పెన్సిలు చాలు. మీ తమ్ముణ్ణో, చెల్లెలినో “యంత్రం”గా ఉండమనండి. వాకిట్లో నుంచి వెళ్ళి, కుండలో నీళ్ళు ముంచి, గ్లాసుతో తెచ్చి ఇవ్వటానికి ఏమేమి చేయాలో వరసగా కాగితం మీద రాయండి. రాసినది మాత్రమే యంత్రం చేయాలి. సొంత తెలివి ఉపయోగించరాదు. “కుండ మూత తియ్యి” అని రాయటం మరిచారా, మీ యంత్రం గ్లాసును మూతకేసి కొడుతూ నిలబడుతుంది! అప్పుడు యంత్రాన్ని కోప్పడకండి. కాగితం తీసి, తప్పిన అంచె ఏదో వెతకండి. కంప్యూటరు శాస్త్రంలో మీ మొదటి పాఠం అదే.