ఫ్రీబోర్డు: ఒక పదవిచారము

1964వ సంవత్సరమున వెలువడిన 'మూగమనసులు', 1973 నాఁటి 'అందాల రాముడు' మొదలుకొని, తెలుఁగు చలనచిత్రపరిశ్రమ జూబ్లీహిల్సు, ఫిలింనగరులలో స్థిరపడిన పిమ్మటి చిత్రముల వఱకును, గోదావరిపైఁ బడవ కనఁబడినప్పుడు చూపఱకు గోచరించునది నీటికిఁ బైనున్న పార్శ్వము మాత్రమే. దానినే పడవయెత్తని తలఁచుట సహజము. ఆంగ్లనావికులు ఫ్రీబోర్డనునది యీ కనఁబడు ప్రక్కయొక్క కొలఁతనే. అది పడవయెత్తు కాదు. ఈ భేదమును గుర్తింపక తెలుఁగుపదమును గల్పించినచో ననర్థము వాటిల్లును.

భోజుని పేరఁ బ్రసిద్ధమైన యుక్తికల్పతరువు విశేషనౌకలను దీర్ఘలనియు నున్నతలనియు విభజించినది. దీర్ఘిక యను నావకుఁ బొడవు 32 హస్తములు, వెడల్పు 4, ఎత్తు 3 హస్తములకుఁ గొంచె మెక్కువ. ఊర్ధ్వ యను నున్నతనౌకకుఁ బొడవంతయే. వెడల్పును నెత్తును 16 చొప్పున. పొడవులో సగమెత్తు గల నావ కడలిపై నెట్లు నిలిచెడిదో నావికులే చెప్పవలయును. ఇచ్చటఁ బ్రస్తుతము శబ్దమే. ఉన్నతశబ్దమున కవధి యపేక్షితము: ఎచ్చటినుండి యెత్తు? హస్తసంఖ్య నియతముగాఁ జెప్పఁబడుటచే నవధి నావయడుగే యనవలయును. ఆ కొలఁత బరువునుబట్టి మాఱదు.

ఫ్రీబోర్డున కవధి నీటిమట్టము. 6 అడుగుల యెత్తుగల పడవ 4 అడుగులు మునిఁగినచో ఫ్రీబోర్డు 2 అడుగులే. మఱి పదిమంది యెక్కిన, మునుక పెరుఁగును, ఇది తఱుగును. ఎత్తు మాత్రము వడ్రంగి చెప్పిన 6 అడుగులే. పైకప్పులేని పడవలోఁ బ్రక్క యెచ్చట మిక్కిలి తక్కువయో నీరు మొదట నచ్చటనే లోనికి వచ్చును గనుక నచ్చటనే కొలువవలెను. ఇంగ్లండున 1876వ సంవత్సరపు శాసనము ఓడప్రక్కను భారరేఖ గీయవలెనని విధించెను. కాని యా రేఖ యెచ్చట నుండవలయునో యోడయజమాని యిష్టమునకే విడిచెను! ఆ లోపము 1890లోఁ దీఱెను. అనంతరము 1930, 1966 సంవత్సరములలో నంతర్జాతీయపు టొడంబడికలు జరిగినవి. మంచినీరు ఉప్పునీటికంటెఁ దేలిక యగుటచే, గోదావరిలో మునిఁగినంత యోడ సముద్రమున మునుఁగదు. కావుననే మంచినీటిరేఖను వేఱుగఁ బైన గీయుదురు.

బోర్డనఁగా బల్లయని గ్రహించి 'స్వేచ్ఛాఫలకము' అనుట హాస్యాస్పదము. నావికభాషలో బోర్డనఁగా నోడప్రక్క. 'ఔన్నత్యము' అన్నచో యుక్తికల్పతరువునందలి మాఱని కొలఁతతోఁ గలిసిపోవును. 'జలోన్నతి' షష్ఠీతత్పురుషమై వఱదను దెలుపును. నీటినుండి ముక్తమైన ప్రక్క యను నర్థమున 'ముక్తపార్శ్వము' కొంత మేలు. బడిపిల్లలకు మాత్రము 'నీటిపై మిగిలిన ప్రక్క' యన్నఁ జాలును.