పాత పంచాంగం పారవేయరాదు

ఉగాదినాడు కొత్త పంచాంగం ఇంటికి వస్తుంది. పాతది గోడ మేకు దిగి అటక ఎక్కుతుంది. అయినా మన పెద్దలు దానిని పారవేయరు. ఆ సంవత్సరం పుట్టిన బిడ్డకు జాతకం వేయాలంటే ఆ సంవత్సరపు పంచాంగమే కావాలి గాని, ఎంత చక్కగా అచ్చువేసినదైనా కొత్తది పనికిరాదు. కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి పంచాంగాలున్నాయి. వాటిని ఎప్పుడు అటక ఎక్కించాలో, ఎలా భద్రపరచాలో తెలియకపోతే ఎంత చిక్కు ఎదురవుతుందో కొంతకాలం క్రిందట మా విభాగానికి అనుభవమైంది. దానిని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్టోర్సులోని సరుకుల లెక్కలు, జీతాల పట్టికలు, క్వార్టర్ల కేటాయింపులు ఇవన్నీ నేడు డేటాబేస్ అనే వ్యవస్థలో ఉంటాయి. అటువంటి వ్యవస్థలలో పేరెన్నికగన్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన 1986లో ఈ పరిశోధన ఆరంభమైంది. 1996లో దీనికి ఇప్పటి పేరు వచ్చింది. దీని మూలరచన అందరికీ బహిరంగమే. ఎవరైనా చదువవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. దానితోపాటు వచ్చే వివరణ గ్రంథానికీ అదే అనుమతి వర్తిస్తుంది.

ఈ వ్యవస్థకు ఏటా ఒక ప్రధాన వెర్షన్ వెలువడుతుంది. ప్రతి వెర్షనుకూ సుమారు 5 సంవత్సరాలు సవరణలు అందుతాయి. ఆపైన పదవీ విరమణే. ఉదాహరణకు, 2018 అక్టోబరులో వచ్చిన 11వ వెర్షన్ 2023 నవంబరులో విరమించింది. ప్రతి వెర్షనుకూ దాని గ్రంథం దానికే ఉంటుంది. ఒకదాని గ్రంథం మరొకదానికి చాలావరకు సరిపోతుంది. చిక్కంతా ఆ 'చాలావరకు' అన్న మాటలోనే ఉంది.

ఇక మూట కట్టే పద్ధతి చూద్దాం. డెబియన్ వంటి లినక్స్ పంపిణీలలో సాఫ్ట్‌వేరును ప్యాకేజీలుగా కట్టి ఇస్తారు. సర్వరు ఒక మూట, గ్రంథం వేరొక మూట. గ్రంథం చదివే అవసరం ప్రతి యంత్రానికీ ఉండదు గనుక డిస్కులో చోటు మిగల్చడానికి ఈ ఏర్పాటు. గ్రంథపు మూట పేరులోనే వెర్షన్ సంఖ్య ఉంటుంది. అయితే రెండు మూటలూ ఒకే మూలం నుండి తయారవుతాయి. కనుక పాత సర్వరు పంపిణీ నుండి తొలగినప్పుడు దాని గ్రంథమూ వెంటనే వెళ్లిపోతుంది. 2019 నాటి డెబియన్ 10లో 11వ వెర్షన్ ఉండగా, 2023 నాటి డెబియన్ 12లో 15వ వెర్షన్ ఉంది. కొత్త పంపిణీకి మారినవారికి పాత పుస్తకం దానంతటది దొరకదు.

మా అనుభవం ఇది. విడిభాగాల లెక్కలున్న ఒక సర్వరు 11వ వెర్షనుతో నడుస్తున్నది. బాహ్య ఇంటర్నెట్‌తో దానికి సంబంధం లేదు. డిస్కు నిండిపోతున్నదని ఎవరో దానిలోని గ్రంథపు మూటను తీసివేశారు. ఒక ఆదివారం, నష్టపోయిన సమాచారాన్ని నిల్వ ప్రతుల నుండి తిరిగి రప్పించే అభ్యాసం చేపట్టాము. మా యువ సహోద్యోగి తన యంత్రంలోని గ్రంథాన్ని తెరిచి, అందులో చెప్పినట్లే పునరుద్ధరణ ఆదేశాన్ని ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలులో వ్రాశాడు. సర్వరు మొరాయించింది. అటువంటి ఆదేశం తనకు తెలియదన్నది. రెండు గంటలు గడిచినా దారి కనబడలేదు. చివరకు మా విభాగం నుండి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయనకు ఫోన్ చేశాము.

"బాబూ, నువ్వు చూస్తున్న పుస్తకం ఏ వెర్షనుది?" అని అడిగారాయన.

"పదిహేను సార్."

"మరి యంత్రంలో ఉన్నది?"

"పదకొండు సార్..."

ఆయన కోప్పడలేదు. "నేను కూర్చున్న చోట బీరువాలో రెండో అర చూడు. నల్ల ఫైలుంటుంది. ఆ అధ్యాయం అచ్చుతీసి పెట్టాను" అన్నారు.

ఫైలు దొరికింది. విషయం తేటపడింది. 11వ వెర్షన్ వరకూ పునరుద్ధరణ ఆదేశాలు 'రికవరీ డాట్ కాన్ఫ్' అనే ప్రత్యేక ఫైలులో వ్రాయాలి. 2019లో వచ్చిన 12వ వెర్షన్ ఆ ఫైలును రద్దుచేసి, ఆదేశాలను ప్రధాన ఫైలులో కలిపివేసింది. కొత్త సర్వరుకు ఆ పాత ఫైలు కనబడితే అసలు మొదలే కాదు. పాత సర్వరుకు కొత్త పద్ధతి అర్థమే కాదు. అది అభ్యాసం కాబట్టి సరిపోయింది. నిజమైన ప్రమాదమే అయితే, రాత్రి షిఫ్టులో ఒక బేరింగు కోసం స్టోర్సు కిటికీ దగ్గరకు వచ్చిన కార్మికునికి మేము ఏమని సమాధానం చెప్పేవారం?

పేర్లు ఊరకనే మారవు. 'పీజీ ఎక్స్‌లాగ్' అనే డైరెక్టరీలో మార్పుల చిట్టా ఉంటుంది. అది పోతే సమాచారానికే ముప్పు. పేరులో 'లాగ్' అని ఉన్నందున, అవి పనికిరాని దినచర్య ఫైళ్లేనని భ్రమించి కొందరు చెరిపివేసేవారు. అందుకే 2017లో 10వ వెర్షన్ దానికి 'పీజీ వాల్' అని పేరు మార్చింది. మార్పు మంచిదే. కాని పాత పేరు వెదికేవానికి దారి చూపవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది. దానిని గుర్తించి 2021 నాటి 14వ వెర్షన్ గ్రంథంలో, రద్దయిన, పేరు మారిన అంశాలకు ఒక అనుబంధాన్ని చేర్చారు. ఇల్లు మారినవారు పాత గుమ్మానికి కొత్త చిరునామా అంటించి వెళ్లడం వంటిదది. విరమించిన వెర్షన్ల గ్రంథాలను కూడా అధికారిక వెబ్‌సైటులో, ఇది కాలం చెల్లినదన్న హెచ్చరికతో, ఉంచుతూనే ఉన్నారు.

అన్ని గ్రంథాలకూ ఇటువంటి స్వేచ్ఛ లేదు. మైఎస్‌క్యూఎల్ సాఫ్ట్‌వేరు జీపీఎల్ అనే బహిరంగ లైసెన్సు క్రింద లభిస్తున్నా, దాని ప్రధాన గ్రంథానికి ఆ లైసెన్సు వర్తించదు. 2013లో 5.5.31 వెర్షనుతో వచ్చిన సహాయ పుటలపై కూడా లైసెన్సు మారిపోయి కనబడింది. అది తయారీలో దొర్లిన పొరపాటని ప్రకటించి తరువాత సరిదిద్దారు. కనుక మూట కట్టే ముందు, పుస్తకం మొదటి పుటలలోని అనుమతి పత్రం చదవడం తప్పనిసరి.

ఆ ఆదివారం తరువాత మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాము. సమాచారపు నిల్వ ప్రతి ఎక్కడ ఉంటే, ఆ వెర్షన్ గ్రంథం ప్రతి కూడా అక్కడే ఉండాలి. గ్రంథం తెరువగానే దాని సంఖ్యను, సర్వరు సంఖ్యతో సరిచూడాలి. ఆ వెర్షన్ నిల్వ ప్రతి ఒక్కటైనా మన వద్ద ఉన్నంతకాలం గ్రంథాన్ని చెరపరాదు. విరమించిన గ్రంథంపై 'కాలం చెల్లినది' అని, దాని వారసుడు ఎక్కడున్నాడో కూడా వ్రాయాలి.

మన సంస్థలో పదవీ విరమణ చేసేవారు తాళంచెవులు, రిజిస్టర్లు లెక్కచెప్పి అప్పగించి వెళతారు. ఆ అప్పగింత సక్రమంగా జరిగితే తరువాత వచ్చినవారు నిశ్చింతగా పనిచేయగలుగుతారు. గ్రంథాల విరమణా అంతే. ఆ నల్ల ఫైలు నేటికీ రెండో అరలోనే ఉంది. దానిపై ఇప్పుడు మేము ఒక చీటీ అంటించాము: "11వ వెర్షనుకు మాత్రమే. పారవేయరాదు."