గేమ్ రూపకల్పనలో ధ్వని, పిక్సెల్ చిత్ర సాఫ్ట్‌వేర్ల ఎంపిక: ఫైలు రూపం, లైసెన్సు

గేమ్ రూపకల్పనకు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు దాని సదుపాయాల సంఖ్య కన్నా రెండు అంశాలు ప్రధానం: అది ఇచ్చే ఫైలు రూపం, దాని లైసెన్సు.

పిక్సెల్ చిత్రంలో ప్రతి పిక్సెల్‌నూ చిత్రకారుడు ఉద్దేశపూర్వకంగా అమర్చుతాడు. జేపెగ్ కుదింపులో అంచుల వద్ద రంగులు చెదురుతాయి. పీఎన్‌జీలో ఏ పిక్సెలూ మారదు. ధ్వని విషయంలోనూ ఇదే స్థితి. ఎంపీ3 ఎన్‌కోడింగ్ సాధారణంగా ఫైలు మొదట, చివర స్వల్ప నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. అందువల్ల ఆగకుండా పునరావృతం కావలసిన నేపథ్య సంగీతంలో తెగుదల వినిపిస్తుంది. ఓజీజీ వోర్బిస్ రూపంలో ఈ ఇబ్బంది ఉండదు.

లైసెన్సు ప్రాముఖ్యాన్ని ఏస్‌ప్రైట్ ఉదంతం స్పష్టం చేస్తుంది. జీపీఎల్ కింద స్వేచ్ఛగా పంచుకోదగినదిగా ఉన్న ఈ పిక్సెల్ చిత్ర సాధనం 2016లో లైసెన్సును మార్చుకుంది. దాని సోర్స్ కోడ్‌ను నేటికీ సొంత వాడుకకు కంపైల్ చేసుకోవచ్చు. సిద్ధమైన ప్రోగ్రామును మాత్రం ఇతరులకు పంచరాదు. ఈ నిషేధం సాధనానికే గాని, దానితో గీసిన చిత్రాలకు వర్తించదు. పాత జీపీఎల్ కోడ్ నుండి లిబ్రెస్‌ప్రైట్ రూపొందింది.

కనుక సొంతంగా గేమ్ తయారుచేసే వ్యక్తికి ఏస్‌ప్రైట్ సరిపోతుంది. తరగతి మొత్తానికి ప్రతులు పంచవలసిన అధ్యాపకునికి లిబ్రెస్‌ప్రైట్, ధ్వని కూర్పుకు జీపీఎల్ కిందనే లభించే ఆడాసిటీ తగినవి.