శని వెనక్కి, కొలిమి ముందుకి
గ్రహం వక్రిస్తే కీడేనని జనం భయం. బలమంటాయి పాత గ్రంథాలు. ఉక్కునగరం భిలాయ్‌లో ఈ వైరుధ్యం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది

ఇనుముకు కారకుడు శని అంటుంది జ్యోతిషం. శనివారం ఇనుము కొనకూడదన్నది తెలుగిళ్లలో పాత పట్టింపు. మరి ఊరు ఊరంతా ఇనుము మీదే బతికితే? 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సోవియట్ సాయంతో లేచిన ఆ కర్మాగారానికి వారాలూ వర్జ్యాలూ లేవు. ఒకసారి రగిలిన కొలిమి రాత్రీ పగలూ మండాల్సిందే. అందులో పనిచేసే మనుషుల సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమతోపాటు ఉగాది పంచాంగాన్నీ తెచ్చుకున్నాయి.

ఇప్పుడు జాతకం చూపించుకునేవారి నోట ఒక మాట తరచు వినిపిస్తోంది: వక్రం. అబ్బాయి ఐఐటీ ప్రవేశ పరీక్ష, అమ్మాయి పెళ్లి, కాంట్రాక్టు ఉద్యోగం పొడిగింపు... ఏది ఆగినా గ్రహం వక్రించిందేమోనన్న అనుమానమే. 2025 జులై 13 నుంచి నవంబర్ 28 దాకా మీనరాశిలో శని వక్రగతిలో ఉన్నప్పుడు టీవీ చానళ్లకు అదే పండగ.

ఇంతకీ ఏ గ్రహమూ నిజంగా వెనక్కి నడవదు. దుర్గ్ దాటాక ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి చూస్తే, పక్క పట్టాల మీద మెల్లగా సాగే గూడ్సు బండి వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. శని, గురు, కుజులను భూమి దాటిపోయేటప్పుడు జరిగేదీ అదే. బుధ శుక్రుల విషయంలో వాళ్లే మనల్ని దాటుకుపోతారు. శని ఏటా సుమారు నాలుగున్నర నెలలు, గురుడు నాలుగు నెలలు వక్రిస్తారు. బుధుడు ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి మూడు వారాలు. సూర్యచంద్రులకు వక్రం లేదు. రాహుకేతువుల సగటు గతి ఎప్పుడూ వెనక్కే.

మన పూర్వులకు ఇది కొత్త కాదు. సూర్యసిద్ధాంతం గ్రహగతులను ఎనిమిది రకాలుగా విభజించి, ఏ గ్రహం ఎన్ని డిగ్రీల శీఘ్రకేంద్రం వద్ద వక్రిస్తుందో లెక్క చెప్పింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో కుజుడి వక్రాన్నే ఐదు రకాలుగా వర్ణించాడు. ఫలితాల దగ్గరకు వచ్చేసరికి విశేషం ఉంది. షడ్బలాల్లో ఒకటైన చేష్టాబలంలో వక్రించిన గ్రహానికి పూర్తిగా 60కి 60 మార్కులు. మంత్రేశ్వరుడి ఫలదీపిక దాన్ని ఉచ్చ గ్రహంతో సమానం చేసింది. శుభగ్రహం వక్రిస్తే మేలు, పాపగ్రహమైతే కష్టాలు అంటుంది కల్యాణవర్మ సారావళి.

ఉత్తరకాలామృతం మరో మెలిక పెట్టింది: ఉచ్చలో వక్రిస్తే నీచ ఫలం, నీచలో వక్రిస్తే ఉచ్చ ఫలం. 2025 అక్టోబర్‌లో గురుడు తన ఉచ్చరాశి కర్కాటకంలోకి వచ్చి, నవంబర్ 11న వక్రించి, డిసెంబర్ 5న మిథునానికి వెనుదిరిగాడు. ఆ మధ్య రోజుల్లో అతను మహాబలవంతుడా, నీచుడితో సమానుడా? ఏ గ్రంథం తెరిస్తే ఆ జవాబు.

అనుభవజ్ఞులైన సిద్ధాంతులు దీన్నుంచి బయటపడే దారి ఒకటుంది. బలం వేరు, ఫలం వేరు అంటారు వాళ్లు. వక్రించిన గ్రహం ఏ భావానికి అధిపతి, ఎవరి దశ నడుస్తోంది అన్నవి చూడకుండా తీర్పు చెప్పరు. జాతకచక్రంలో గ్రహం పక్కన 'వ' అని ఉంటే అది జన్మవక్రం, జీవితాంతం వర్తిస్తుంది. గోచారంలో వచ్చేది కొన్నాళ్ల ముచ్చట. ఈ తేడా చెప్పకుండా భయపెట్టడం శాస్త్రం ప్రకారం కూడా తప్పే.

భయానికి భిలాయ్‌లో కారణాలు లేకపోలేదు. 2014 జూన్ 12న నీటి పంప్ హౌస్ వద్ద విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. అప్పుడు శని, బుధులు వక్రంలో ఉన్నారు. 2018 అక్టోబర్ 9న గ్యాస్ పైపులైను మంటలు పది మందికి పైగా ప్రాణాలు తీశాయి. అప్పుడు శుక్రుడు. చూశారా అనిపించడం సహజం. కానీ ఐదు గ్రహాల వక్రకాలాలను కలిపి లెక్కేస్తే, పది రోజుల్లో దాదాపు ఏడు రోజులు ఏదో ఒక గ్రహం వక్రంలోనే ఉంటుంది. ఏ దుర్ఘటన తేదీ తీసుకున్నా నింద వేయడానికి ఒక గ్రహం సిద్ధమే. కవాటాలనూ నిర్వహణ లోపాలనూ వెతకాల్సిన చోట ఆకాశాన్ని వెతికితే నష్టపోయేది తర్వాతి షిఫ్టువాళ్లే.

జ్యోతిషాన్ని పరీక్షించిన సందర్భమూ ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 27 మంది జ్యోతిషులకు తలా 40 జాతకాలిచ్చి, చురుకైన పిల్లలెవరో, బుద్ధిమాంద్యం ఉన్నవారెవరో చెప్పమంది. 2009లో వెలువడిన ఫలితం: సరైన జవాబులు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తాయి. అయినా విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం బోధించాలన్న యూజీసీ నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్ శాస్త్రవేత్త పీఎం భార్గవ తదితరులు వేసిన కేసును 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే చదువుకోవడానికి అడ్డు లేదు, రుజువు మాత్రం ఇంకా రాలేదు.

ఉగాదినాడు పంచాంగం వినడంలో ఎవరికీ నష్టం లేదు. వక్రం వదిలేదాకా ఆపరేషన్ వాయిదా వేద్దాం, వచ్చిన ఉద్యోగానికి తర్వాత చూద్దాం అన్నప్పుడే చిక్కు. రాజ్‌హరా గనుల నుంచి వచ్చే ఖనిజం, భిలాయ్‌లో పట్టాలుగా మారి దేశమంతా పరుచుకునే ఉక్కు శని ఎటు నడిచినా ముందుకే సాగుతున్నాయి. పంచాంగంలో వక్రారంభం రాసిన చోటే కొన్ని పేజీల తర్వాత వక్రత్యాగం కూడా రాసి ఉంటుంది. భయపడేవారు ఆ పేజీ దాకా చదవడం మంచిది.