విమానమెక్కిన గాలం

అండమాన్ సముద్రంలో పగడపు దిబ్బల అంచుల వెంట జెయింట్ ట్రెవల్లీ వేటకు తిరుగుతుంది. పార చేపల్లో అన్నిటికంటే పెద్దది ఇది. గాలం వేసేవాళ్లు జీటీ అంటారు. 2006లో జపాన్‌లోని తొకారా దీవుల దగ్గర పడిన జీటీ దాదాపు 73 కిలోలు తూగి రికార్డుకెక్కింది. అందులో సగం బరువున్నది తగిలినా పట్టినవాడి భుజాలు రెండు రోజులు నొప్పెడతాయి. దాన్ని పట్టి, ఒక ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేయడానికి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి గాలం ప్రియులు పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తున్నారు. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఓడలో వెళ్తే దాదాపు మూడు రోజులు పడుతుంది కాబట్టి సెలవు దొరకని ఉద్యోగులకు విమానమే గతి. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

జీటీకి వాడే రాడ్ ఎనిమిది అడుగుల దాకా ఉంటుంది, అంటే సుమారు 240 సెంటీమీటర్లు. చాలా విమాన సంస్థలు మామూలు లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లే ఒప్పుకుంటాయి. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్టుకు సాధారణంగా 15 కిలోలు ఇస్తారు. లోతు నీళ్లలోకి వదిలే లోహపు జిగ్ ఒక్కోటి పావు కిలో ఉంటుంది. ఇరవై జిగ్గులు సర్దేసరికి ఐదు కిలోలు అయిపోతాయి. పెద్ద రీలు ఒక్కోటి ముప్పావు కిలో పైమాటే.

అందుకని పెట్టె తెరవకముందే ఒక లెక్క వేసుకోవాలి: దిగిన చోట ఏది దొరుకుతుంది, ఏది దొరకదు? పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అని చేపల రేవు ఉంది. అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో పది మందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష. రోజూ సముద్రానికి వెళ్లేవాళ్లున్న రేవు కనుక సీసం, మామూలు గాలాలు, నైలాన్ దారం అడిగితే ఎక్కడ కొనాలో ఎవరైనా చెబుతారు. వంద పౌండ్లు లాగే అల్లిక దారం, దానికి తగ్గ రీలు, రాడ్ మాత్రం అలా దుకాణంలో అడిగి తెచ్చుకునే సరుకు కాదు. రేవులో దొరికే సీసానికి విమానంలో బరువు వెచ్చించడం అనవసరం. దొరకని రీలును కళ్లెదుటే ఉంచుకోవాలి.

కాబట్టి రీళ్లు చేతిసంచిలో రావాలి. వాటిలో మంచిదాని ఖరీదు లక్ష రూపాయల దాకా పోతుంది. డ్రాగ్ (దారానికి బిగువునిచ్చే బ్రేకు) వదులు చేసి, హ్యాండిల్ విప్పి, మెత్తటి గుడ్డలో చుట్టాలి. గాలాలు, కత్తి, కటింగ్ ప్లేయర్ చేతిసంచిలోకి రానే కూడదు. పాపర్లనే కృత్రిమ ఎరలకున్న మూడు ముళ్ల గాలాలను ఇంట్లోనే ఊడదీసి, గట్టి డబ్బాలో పెట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయాలి. పెట్టెను చేత్తో తడిమే తనిఖీ సిబ్బందికి, లోడింగ్ కార్మికులకు ముల్లు గుచ్చుకుంటే అది మన నిర్లక్ష్యమే. ఏది లోపలికి పంపాలన్నది చివరకు తనిఖీ దగ్గరున్న సిబ్బంది ఇష్టం. వాదనకు దిగేకంటే గంట ముందే వెళ్లి సంచి తెరిచి చూపించడం మేలు.

ఇక రాడ్. విరిగేది ఎప్పుడూ కొసే. రాడ్ పెట్టిన గొట్టాన్ని నిలువునా పడేసినప్పుడు లోపలి కర్ర జారి కొస మూతకు కొట్టుకుంటుంది. చివరి రింగులోని పింగాణీ చిట్లుతుంది. ఆ చీలిక కంటికి ఆనదు, మర్నాడు చేప లాగినప్పుడు దారాన్ని కోసేస్తుంది. దీనికి మందు ఒక్కటే: లోపల ఏదీ కదలకూడదు. రెండు మూడు రాడ్లను ఒకదాని కొస మరొకదాని పిడి వైపు వచ్చేలా జతచేసి, మధ్యమధ్య మెత్తటి పట్టీలతో కట్టాలి. రెండు చివర్లా నాలుగు వేళ్ల మందాన స్పాంజి కూరాలి. మిగిలిన ఖాళీలో టీషర్టులు, తువ్వాళ్లు దోపాలి. దీంతో బట్టల పెట్టె కూడా తేలికవుతుంది. ఖరీదైన గొట్టమే కావాలని లేదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండు మూతలు చాలు. ఒక మూత మాత్రం తేలిగ్గా ఊడి రావాలి, ఎందుకంటే తనిఖీలో తెరవమంటారు. ముగ్గురు కలిసి వెళ్తే ఒకే గొట్టం సరిపోతుంది. గొట్టం పొడవు ఎంతో టికెట్టు కొన్నరోజే విమాన సంస్థకు ఫోన్ చేసి చెప్పాలి. ప్రత్యేక రుసుము పడితే ముందే కట్టేయాలి. అంతటి అవస్థ వద్దనుకునేవాళ్లకు మూడు, నాలుగు ముక్కల ట్రావెల్ రాడ్లున్నాయి. తొమ్మిది అడుగుల ఫ్లై రాడ్ నాలుగు ముక్కలైతే డెబ్బై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒకప్పుడు అతుకుల రాడ్ అంటే పెదవి విరిచేవాళ్లు. ఇప్పటి మంచి అతుకులు ఆ చిన్నచూపుకు తగినవి కావు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను వాటినే సిఫారసు చేస్తాను.

పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. వంద వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. మండే ద్రావకాలు, గ్యాస్ డబ్బాలు ఇంట్లోనే వదిలేయండి.

గొట్టం రాకపోతే? బెల్టు దగ్గర నుంచి కదలకముందే ఫిర్యాదు రాయించి, దాని కాపీ తీసుకోవాలి. దేశీయ ప్రయాణంలో సామాను పోయినా పాడైనా విమాన సంస్థ చెల్లించాల్సిన గరిష్ఠ పరిహారం 20,000 రూపాయలు. అంతర్జాతీయ ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం కింద అది 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్లు), మన డబ్బులో లక్షన్నర పైచిలుకు. సామాను దెబ్బతింటే ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ అంకెలు చూశాక ఖరీదైన గేర్‌కు విడిగా బీమా ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. విదేశానికి తీసుకెళ్తుంటే బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగొచ్చాక ఆ రీలు అక్కడ కొన్నది కాదని రుజువు చేసుకోవడానికి అదే ఆధారం.

గేర్‌తో పాటు మనకు తెలియకుండా విమానమెక్కేవి ఇంకొన్ని ఉన్నాయి. నా మటుకు వీటి గురించే ఎక్కువ బెంగ. న్యూజిలాండ్ దక్షిణ దీవి నదుల్లో 2004లో డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్లను దుప్పటిలా కప్పేసే ఆ నాచు కణాలు ఒక్క నీటి బొట్టులోనైనా ప్రయాణించగలవు. తడి త్వరగా ఆరని ఫెల్ట్ అడుగు బూట్లను ఆ దేశం 2008లో నిషేధించింది. అలాస్కా 2012లో అదే దారి పట్టింది. వాడిన గాలం సామాను గురించి న్యూజిలాండ్ విమానాశ్రయంలో చెప్పకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. నార్వేలో ఒక పరాన్నజీవి సాల్మన్ చేపలను తుడిచిపెట్టేస్తే, దాన్ని వదిలించుకోవడానికి కొన్ని నదుల్లో మందు కలిపి ఉన్న చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. డల్లాస్ నుంచో సియాటెల్ నుంచో అలాస్కా వెళ్లే మన వాళ్లకైనా, మెల్‌బోర్న్ నుంచి న్యూజిలాండ్ వెళ్లే వాళ్లకైనా గేర్‌ను కడిగి ఆరబెట్టాకే విమానమెక్కించాలన్న జాగ్రత్త వర్తిస్తుంది.

చివరి రోజు పడవ దిగాక అలసట నిజమే. అయినా ఆ రాత్రి హోటల్ స్నానాలగదిలో రాడ్లు, కృత్రిమ ఎరలు, బూట్లు మంచినీళ్లతో కడగాలి. రీలు మీద ధారగా నీళ్లు కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని బ్రష్‌తో గీకి తీయాలి. తెల్లారేదాకా ఫ్యాను కింద ఆరబెట్టి, పూర్తిగా పొడిగా ఉన్నాకే గొట్టంలో పెట్టండి.