పలుచని గాలిలో అశ్వశక్తి

ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాలలో మంచుపై జారుతూ పోయే స్నోమొబైల్ అనే వాహనం వాడుకలో ఉన్నది. సముద్రమట్టం వద్ద 165 అశ్వశక్తి నిచ్చే టూ-స్ట్రోక్ ఇంజను 8,000 అడుగుల ఎత్తున సుమారు 122 మాత్రమే ఇస్తుంది. కారణమేమి? క్రింద వాయుపీడనం చదరపు అంగుళానికి 14.7 పౌనులు, ఆ ఎత్తున సుమారు 10.9. గాలి తగ్గితే దానితో కలిసి మండగల పెట్రోలు కూడ తగ్గుతుంది.

ఈ లోటును పూరించేది టర్బోఛార్జర్. ఇంజను విడిచే వేడి వాయువులు ఒక చక్రాన్ని త్రిప్పుతాయి. అదే ఇరుసుకు బిగించిన రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపుతుంది. ఇట్లు అదనంగా చేరిన పీడనమే బూస్టు.

లెక్క సులభమే. బయటి పీడనానికి బూస్టును కలిపి, ఆ మొత్తాన్ని బయటి పీడనంతో భాగించాలి. వచ్చిన సంఖ్యతో శక్తిని గుణించాలి. ఆ ఎత్తున 3.8 పౌనుల బూస్టు ఇస్తే 14.7ను 10.9తో భాగించగా 1.35 వస్తుంది, 122 తిరిగి 165 అవుతుంది. అదే బూస్టు సముద్రమట్టం వద్ద శక్తిని 1.26 రెట్లే చేస్తుంది. 2020 మోడల్ స్కీ-డూ టర్బో స్నోమొబైల్ 8,000 అడుగుల వరకు 165 అశ్వశక్తిని నిలుపుకొంటుందని దాని తయారీదారులు ప్రకటించారు.

అయితే ఇది ఉజ్జాయింపు మాత్రమే. అసలు లాభం సాధారణంగా దీనికి తక్కువ. ఒత్తిన గాలి వేడెక్కి పలుచబడుతుంది. పైగా టూ-స్ట్రోక్ ఇంజనులో గాలి వచ్చే ద్వారమూ, పొగ పోయే ద్వారమూ కొంతసేపు కలిసి తెరచి ఉంటాయి. కనుక కొంత గాలి మండకుండానే పోతుంది. ఆ తగ్గినదానిని రాబట్టాలని బూస్టును మితిమీరి పెంచితే ఇంధనం అదుపుతప్పి ప్రేలి, పిస్టను కరిగిపోవచ్చు. జనసంచారంలేని మంచుకొండపై ఇంజను ఆగిపోవటం ప్రాణాపాయమే.