బర్రెపాల ఇంట్లో పాలులేని డోనట్!

1934లో వచ్చిన ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ చూసినవాళ్లకు ఒక సన్నివేశం గుర్తుండే ఉంటుంది. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన కోటీశ్వరుడి కూతురు క్లాడెట్ కోల్బర్ట్‌కు, కాఫీలో డోనట్ ఎలా ముంచుకు తినాలో క్లార్క్ గేబుల్ పాఠం చెబుతాడు. ఎక్కువసేపు ముంచకూడదట. మెత్తబడి కప్పులోకి జారిపోతుందట! అయిదు ప్రధానమైన ఆస్కార్లూ ఒక్కచేత్తో ఎత్తుకుపోయిన సినిమా అది. ఆ కథనే 1956లో రాజ్‌కపూర్, నర్గీస్‌లతో ‘చోరీ చోరీ’గా చూసి మనవాళ్లూ మురిసిపోయారు.

గేబుల్ గారి డోనట్ హాస్యంతో మొదలై ప్రేమగా ముగిసింది. మా ఇంటి డోనట్ మాత్రం కన్నీళ్లతో మొదలైంది. ఎలా ముగిసిందో చివర్లో చెబుతాను. మధ్యలో లేచి వెళ్లిపోకండేం!

పుట్టినిల్లు పల్లీలు, మెట్టినిల్లు పాలు

నేను పుట్టింది పాలమూరు వైపు, జడ్చర్ల దగ్గర. బాదేపల్లి మార్కెట్‌కు పల్లీల బండ్లు పోతుంటే వెనకాల పరిగెత్తి గుప్పెడు ఏరుకు తిన్న బాల్యం నాది. మెట్టింది నల్లగొండ వైపు, నకిరేకల్ దగ్గర పల్లె. ఊరి చుట్టూ తాటిచెట్లు, బత్తాయి తోటలు. మా ఇంటి ముందు రెండు బర్రెలు.

ఆ బర్రెలు మా అత్తమ్మవి. ఆమెకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి తనే పాలు పిండుతుంది. సినిమాలంటే ఆమెకు కాంతారావు ఒక్కడే. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన మన కత్తి కాంతారావు! టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొని ఆయన కత్తి యుద్ధాలు చూసిన రోజులను ఇప్పటికీ కథలు కథలుగా చెబుతుంది. ఆయన తర్వాత వచ్చినవాళ్లెవరూ ఆమె లెక్కలో హీరోలు కారు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. మొన్న దసరాకు ఒక పెద్ద అట్టపెట్టెతో దిగింది. పెట్టెలో ఎయిర్ ఫ్రైయర్! “నాయినమ్మ మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర కూర్చోలేకపోతోంది కదమ్మా” అంది. అందరం సంబరపడ్డాం. ఆ సంబరం మధ్యాహ్నం అన్నాల దాకే.

అత్తమ్మ ఎప్పటిలాగే గడ్డపెరుగు తెచ్చి మనవరాలి కంచంలో వేయబోయింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు నాయినమ్మా. నేను పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు అన్నీ బంద్ చేసిన.”

“ఎందుకే? పెయ్యి బాగలేదా?”

అప్పుడు చెప్పింది. 2020 ఫిబ్రవరిలో ‘జోకర్’ సినిమాకు ఆస్కార్ అందుకుంటూ వాకీన్ ఫీనిక్స్ మాట్లాడిన మాటలు ఎక్కడో విన్నదట. తల్లి నుంచి దూడను వేరుచేసి, దూడ తాగాల్సిన పాలను మనం కాఫీలో పోసుకుంటున్నామని ఆయన ఆ వేదిక మీద బాధపడ్డాడు. అది విన్నాక పాలగ్లాసు నోటిదాకా పోవడం లేదట. ఇలాంటి వాళ్లను వీగన్లు అంటారనీ, 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన ఆ పేరు పెట్టాడనీ కూడా వివరించింది.

అత్తమ్మ పెరుగుగిన్నె కింద పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క మాట అంది.

“గీ పాలు అమ్మే నీ ఫీజులు గట్టిన బిడ్డా. గవి ఇయ్యాల పాపమైనయా?”

పిల్ల కళ్లనిండా నీళ్లు. అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కొట్టంలోకి పోయింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మా ఇంటాయన పేపరు వెనక దాక్కున్నారు. ఇద్దరి మధ్యా నేను! అత్తమ్మ మాట అబద్ధమా? కాదు. పిల్ల జాలి తప్పా? అదీ కాదు. రెండూ నిజాలైనప్పుడు తీర్పు చెప్పడం జడ్జీల వల్ల కూడా కాదు. వంటింటి వల్ల ఏమైనా అవుతుందేమో చూద్దామనిపించింది. మర్నాడు మా అమ్మాయి పుట్టినరోజు. చిన్నప్పటినుంచీ దానికి డోనట్లంటే ప్రాణం.

మాయాబజార్ పెట్టె

ముందు ఆ పెట్టె సంగతి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి దూకినట్టు, నూనె లేకుండా గాలితోనే వేగిపోతాయంటే నేనూ ఏదో మాయ అనుకున్నాను. మాయా లేదు, మర్మమూ లేదు. పేరులో ఫ్రైయర్ ఉన్నా అది నిజానికి చిన్న ఓవెన్. పైన ఎర్రగా కాలే తీగచుట్ట, దానిమీద ఫ్యాను. వేడిగాలి సుడిలా తిరుగుతూ పదార్థం పైన తేమను లాగేస్తుంది. అందుకే పైన కరకర, లోపల మెత్తన. 2010లో ఫిలిప్స్ వాళ్లు దీన్ని బజారులోకి తెచ్చారు.

ఈ సంగతి తెలియకముందే నేను చేసిన మొదటి ఘనకార్యం... గారెల పిండి తట్టి అందులో వేయడం! నూనెలో వేస్తే పిండి పడీపడగానే చుట్టూ గట్టిపడి ఆకారం నిలబడుతుంది. గాలికి అంత చురుకు లేదు. పిండి జల్లెడ కంతల్లోంచి కిందికి కారింది. మిగిలినదాన్ని ఫ్యాను గోడలకు కొట్టింది. కడుక్కునేసరికి నా నడుం పడిపోయింది.

రెండోసారి డోనట్ పిండే కలిపాను. కానీ పల్లీపాలు సలసల కాగుతుండగానే ఈస్ట్‌లో పోశాను. ఈస్ట్ ప్రాణమున్నది. చచ్చిపోయింది! పిండి పొంగలేదు. పోనీలే అని 200 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టాను. వచ్చినవాటిని మా కుక్క వాసన చూసి తోక ఊపి వెళ్లిపోయింది.

మూడోసారి కుదిరింది. మీరు మొదటిసారే కుదుర్చుకోండి.

కావలసినవి (ఎనిమిది డోనట్లకు)

మైదా 250 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒకటిన్నర టీ చెంచాలు, చక్కెర మూడు పెద్ద చెంచాలు, ఉప్పు అర టీ చెంచా, పల్లీనూనె రెండు పెద్ద చెంచాలు, పల్లీపాలు 120 మిల్లీలీటర్లు, అవిసెగింజల పొడి ఒక పెద్ద చెంచా. పైపూతకు పొడిచేసిన చక్కెర ఒక కప్పు, ఒక బత్తాయి.

పల్లీపాలు: నూరు గ్రాముల పచ్చి పల్లీలను రాత్రి నానబెట్టండి. పొద్దున పొట్టు తీసి, 400 మిల్లీలీటర్ల నీళ్లతో మెత్తగా రుబ్బి, పలచటి బట్టలో వడకట్టండి. అడుగంటకుండా కలుపుతూ పచ్చివాసన పోయేదాకా మరిగించండి. తర్వాత గోరువెచ్చగా చల్లారనివ్వండి. వేలు పెడితే హాయిగా ఉండాలి. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. బాదంపాలకు పెట్టే డబ్బు ఇక్కడ అక్కరలేదు. పల్లీలు పడనివాళ్లు కొబ్బరిపాలు వాడుకోవచ్చు.

గుడ్డు బదులు: అవిసెపొడిలో మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలేయండి. జిగురుగా అవుతుంది. గుడ్డులాగే పిండిని పట్టి ఉంచుతుంది.

చేసే విధానం: అన్నీ కలిపి పది నిమిషాలు బాగా మర్దించండి. మొదట చేతికి అంటుకుంటుంది. కంగారుపడి మైదా గుమ్మరించకండి, డోనట్ మొద్దుబారుతుంది. మూతపెట్టి గంటసేపు, రెండింతలయ్యేదాకా ఉంచండి. అర అంగుళం మందాన ఒత్తి, స్టీలుగ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, సీసామూతతో నడుమ కంత చేయండి. ఒక్కోదాన్ని ఒక్కో బేకింగ్ కాగితం ముక్కమీద పెట్టి ఇంకో అరగంట పొంగనివ్వండి. ఈ రెండో పొంగు ఎగ్గొడితే దూదిలా రావు.

పెట్టెను 175 డిగ్రీల్లో మూడు నిమిషాలు ముందుగా వేడిచేయండి. అప్పుడు మాత్రం ఖాళీ కాగితం లోపల ఉంచకండి. గాలికి ఎగిరి తీగచుట్టకు తగిలితే కాలుతుంది. డోనట్లకు పైన నూనె పలచగా రాసి, ఎడంగా మూడో నాలుగో పెట్టి, అయిదారు నిమిషాలు కాల్చండి. నాలుగో నిమిషంలో ఒకసారి తొంగిచూడండి. బంగారురంగు రాగానే తీసేయాలి.

పైపూతకు బత్తాయి అప్పటికప్పుడు పిండాలి. రసం నిలవ ఉంటే చేదెక్కుతుందని బత్తాయి తోటలున్న ఊరివాళ్లకు వేరే చెప్పక్కరలేదు. చక్కెరపొడిలో రసం చెంచా చెంచాగా పోస్తూ జారుగా కలిపి, డోనట్‌ను బోర్లా ముంచి తీయండి. పాలమూరు పల్లీకి, నల్లగొండ బత్తాయికి పెళ్లి జరిగినట్టే!

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. నూనెలో దేవిన డోనట్ రుచి వేరు. ఇది కొంచెం బన్నుకు దగ్గరి చుట్టం. వేడివేడిగా తినాలి. మర్నాటికి గట్టిపడుతుంది.

క్లైమాక్స్

నేను పిండి కోస్తుంటే అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

“ఏందే పిల్లా, కాంతారావు లెక్క తిప్పుతున్నవ్ కత్తి?”

హమ్మయ్య అనుకున్నాను. దగ్గరికొచ్చి పిండి వాసన చూసింది. “గిదేంది, కల్లు వాసనొస్తున్నది?” అంది. పొరపాటేం కాదు! తాటికల్లును పులియబెట్టేదీ, డోనట్‌ను పొంగించేదీ ఈస్టే. ఆ మాట చెబితే నవ్వింది.

కంత చేస్తుంటే అడిగాను: “అత్తమ్మా, గారెకు నడుమ తూటు ఎందుకు పెడతరు?”

“తూటు లేకుంటె నడుమ పచ్చిగుంటది గదనే!”

1847లో అమెరికాలో హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు డోనట్‌కు తొలిసారి కంత పెట్టాడని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కారణం అదే... నడుమ పచ్చిగా ఉండిపోతోందని! ఆ నావికుడూ మా అత్తమ్మా ఒక బడిలో చదువుకున్నట్టుంది.

పుట్టినరోజు నాడు పళ్లెం నిండా డోనట్లు పెట్టాను. పిల్ల ఒకటి కొరికి నా వైపు చూసింది. “అమ్మా, ఇందులో పాలు...?”

“మీ అమ్మమ్మగారి ఊరి పల్లీలవి. బర్రెది బొట్టు కూడా లేదు” అన్నాను.

అత్తమ్మ ఒకటి తీసుకుంది. మెల్లగా నమిలింది. “తియ్యగారె. మంచిగనే ఉన్నది. ఇందులో వింతేమున్నదే? మన సకినాలల్ల పాలుంటయా? గారెలల్ల గుడ్డుంటదా? మేం ఎన్నడు గొప్పలు చెప్పుకోలే, గంతే.”

అందరం నవ్వాం. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. కొట్టం వైపు చూస్తూ అంది: “గా సినిమాయన చెప్పింది అబద్ధం గాదు బిడ్డా. దున్నదూడ పుడితె ఎవ్వరు సాకరు. అమ్మిన్నాడు బర్రె రెండు రోజులు ఒర్రుతది. నేనూ అన్నం తినలే. కని గా పైసలు లేకుంటె నువ్వు బడికి పోకపోదువు. ఆయనకు గది తెల్వదు.”

పిల్ల లేచి వెళ్లి నాయినమ్మ పక్కన కూర్చుంది. ఆమె చేయి పట్టుకుంది. గరుకుగా, కాయలు కాసిన పాలు పిండే చేయి. “నేను నీ పాలను తప్పు అనలేదు నాయినమ్మా. నా నోటికి పోతలేదు, అంతే” అంది.

“గట్లయితె తాగకు. అన్నం మాత్రం ఇడవకు.”

అంతే సంధిపత్రం! ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు. అత్తమ్మ ఇప్పటికీ నాలుగింటికే లేస్తుంది. పిల్ల ఇప్పటికీ పెరుగు ముట్టదు. నేను మాత్రం తల్లిని కాబట్టి ఒక షరతు పెట్టాను. పాలూ గుడ్డూ పూర్తిగా మానినవాళ్లకు బి12 విటమిన్ కూరగాయల్లో దొరకదు, డాక్టరును అడిగి మాత్రలు వేసుకోవాలి. రాగులు, నువ్వులు రోజూ తినాలి. సరేనంది.

ఇక ముగింపు షాట్. సాయంత్రం మా ఇంటాయన పేపరు పక్కన పెట్టి, టీ కప్పులో డోనట్ ముంచారు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను... ఎక్కువసేపు ముంచారు. మెత్తబడి గుబుక్కున కప్పులో పడింది.

క్లార్క్ గేబుల్ తొంభై ఏళ్ల కిందటే చెప్పాడు. వింటేనా!